కొంగు, రుమాలు

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తప్పు నాదే, తిట్టుకో. పని మామూలే, చలి మొదలైంది, నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఎప్పుడో అయిపోయింది. ఇక అసలు సంగతి.

నిన్న ఇక్కడ లండన్‌లో, టేట్ మోడరన్ అనే మ్యూజియంలో, పికాసో వేసిన 'ఏడుస్తున్న స్త్రీ'ని చూశాను. గోడంత ఉంటుందనుకున్నాను. నిలువు 61 సెంటీమీటర్లు, అడ్డం 50. మీ ఇంట్లో రాముడి పటమంత!

ముక్కు ఒక పక్కకు తిరిగి ఉంది, కళ్ళు రెండూ కనబడతాయి. పసుపూ పచ్చా కలిసిన ముఖం. ఎర్ర టోపీ, దానికో నీలం పువ్వు, చక్కగా దువ్వుకున్న జుట్టు. ఎక్కడికో ముచ్చటగా బయల్దేరింది రా ఆవిడ! నోటి దగ్గరకు వచ్చేసరికి ఆ రంగులన్నీ ఆగిపోయాయి. తెలుపు, నీలం, అంతే. రుమాలు నోట్లో కుక్కుకుని కొరుకుతోంది. మడత ఏదో, వేలు ఏదో, పన్ను ఏదో విడదీయలేము. పగిలిన గాజుపెంకుల్లా ఉన్నాయి. ఒక్క అరుపు అరిచేస్తే బాగుండునని నాకే అనిపించింది.

మావయ్య కబురు వచ్చిన రోజు గుర్తుందా? పెళ్ళికని పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని అమ్మ సిద్ధంగా ఉంది. గేటు దగ్గర ఆటో ఆపి నువ్వు. ఫోను పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడే లేదు. ఆ పువ్వులు తీయాలని సాయంత్రం దాకా ఎవరికీ తోచలేదు.

1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు వేశారు. దాని మీద అంత పెద్ద చిత్రం వేశాక కూడా ఏడ్చే ఆడవాళ్ళు పికాసోను వదల్లేదు. ఇది అక్టోబరులో వేశాడు. ముఖం ఆయన ప్రియురాలు డోరా మార్‌ది. గెర్నికా చిత్రం తయారవుతుంటే ఫొటోలు తీసింది ఆవిడే. ఆయన వేసిన తన బొమ్మలన్నీ అబద్ధాలని, వాటిలో ఏదీ తాను కాదని తర్వాత అన్నదట. అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. ఆ ఏడుపు ఊరిదా, ఆవిడదా, లేక ఆయనే తన భయాన్ని ఆవిడ ముఖం మీద...

తపాలా పెట్టె తెరిచే వేళయింది, పరిగెత్తాలి. ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తే ఈ బొమ్మ సంగతి ఎత్తకు.

నీ
చంటి