కడుపు మందులకు పేరొక్కటే చాలదు

సంపాదకులకు,

కుక్కలు, పిల్లుల ఆరోగ్యం మీద పత్రికల్లో వచ్చే సలహాల్లో మందు పేరు ఉంటుంది, ఒక్కోసారి మోతాదూ ఉంటుంది. ఏ వేళకు వేయాలో, దేని పక్కన వేయకూడదో మాత్రం ఉండదు. కడుపు మందులు వికటించేదీ, పనిచేయకుండా పోయేదీ ఎక్కువగా అక్కడే. పేరు అచ్చేసే చోటే ఆ రెండు ముక్కలూ అచ్చేయమని మనవి.

కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్‌నే చూడండి. కుక్కకైనా పిల్లికైనా కిలో బరువుకు 1 మిల్లీగ్రాము, రోజుకు రెండు పూటలా. చాలామంది ఒక పూటే వేసి మందు మంచిది కాదంటారు. కడుపు గోడలో యాసిడ్‌ను వదిలే పంపులు పనిలో ఉన్నప్పుడే ఇది వాటిని పట్టుకోగలదు కాబట్టి తిండికి అరగంట ముందే పడాలి. మింగడం లేదని గుళికల్ని నూరి పెడితే పైపూత పోయి, ఏ యాసిడ్‌ను ఆపాలో ఆ యాసిడే మందును తినేస్తుంది. మూడు నాలుగు వారాలు వాడాక ఒక్కసారిగా మానేసినా చిక్కే. యాసిడ్ మునుపటికన్నా ఎక్కువ ఊరుతుంది, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. యాసిడ్ తగ్గించే మరో మందు ఫామోటిడిన్ మొదట్లో బాగానే పనిచేస్తుంది గానీ, రోజూ వేస్తూ పోతే కొద్ది రోజుల్లోనే పట్టు సడలుతుంది. దాన్ని ఒమెప్రజోల్‌కు జత చేస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు.

కడుపు పుండ్లకు వాడే సుక్రాల్ఫేట్ పుండు మీద పొరలా అతుక్కుంటుంది. కుక్కల్లో మాత్రగా మింగించే కన్నా నీళ్లలో బాగా కలిపి పట్టించడం మేలు, అదీ పరగడుపున. పుండుకు అతుక్కున్నట్టే పక్క మందులకూ అతుక్కుంటుంది. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయోటిక్‌లు దీంతో కలిపి వేస్తే ఒంటికి సరిగా పట్టవు. యాంటీబయోటిక్ ముందు వేసి, రెండు గంటలు ఆగి ఇది వేయాలి. డాక్సీసైక్లిన్ మాత్ర పిల్లికి వేశాక సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్లు పట్టించడం మరవకూడదు. మాత్ర అన్నవాహికలో అంటుకుపోతే అక్కడ పుండు పడి, దారే ఇరుకైపోతుంది.

ఇక విరేచనాలకు మనుషుల మాత్రలు. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకు కొన్ని మందులు మెదడులోకి పోకుండా కాపాడే ఎండీఆర్ 1 జన్యువులో లోపం ఉంటుంది. వాటికి విరేచనాలు ఆపే లోపెరమైడ్ వేస్తే అది మెదడులోకి చొరబడి మత్తు, తూలుడు తెస్తుంది. విరేచనాలకే వాడే బిస్మత్ సబ్‌శాలిసిలేట్ పిల్లులకు అసలే వద్దు. అందులోని శాలిసిలేట్‌ను వాటి కాలేయం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది. కుక్కల్లో దాని ఇబ్బంది వేరు: మలం నల్లబడుతుంది, లోపల రక్తం కారుతున్నా ఆ నలుపు మందుదే అనుకుంటాం.

వాంతులకు మారోపిటాంట్ గట్టి మందే (ఇంజెక్షన్ సీసాను ఫ్రిజ్‌లో ఉంచి చల్లగా వేస్తే మంట తక్కువ). అయితే బంతో గుడ్డ పీలికో మింగి పేగుకు అడ్డం పడినప్పుడు వేస్తే వాంతి ఆగుతుంది, అడ్డం అలాగే ఉంటుంది, రెండు రోజులు వృథా అవుతాయి. అప్పుడు వాంతులకే వాడే మరో మందు మెటోక్లోప్రమైడ్ వేయడం ఇంకా ప్రమాదం, మూసుకున్న దారి మీదికి కడుపును బలంగా నెడుతుంది. పొట్ట తడిమి చూసి, అనుమానముంటే ఎక్స్‌రే తీశాకే ఈ రెండింటి జోలికి వెళ్లాలి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు