ఫలక్‌నుమా గేటు దగ్గర జరిగింది, ఇకపై జరగబోయేది

కావలి నుంచి మా వ్యాన్లలో యాత్రలకు వచ్చే పెద్దలందరికీ నమస్కారం.

సంక్రాంతి తర్వాత వెళ్లిన హైదరాబాద్ యాత్ర కరపత్రంలో ‘ఫలక్‌నుమా ప్యాలెస్ సందర్శన’ అని నేనే రాయించాను. ఆ మాట నమ్మి పద్నాలుగు మంది వచ్చారు. ఒంగోలు, అద్దంకి మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి అక్కడికి చేరితే గేటు దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు హోటల్. బస చేసేవారికి, ముందుగా బుక్ చేసుకున్నవారికి తప్ప ప్రవేశం లేదు. గోల్కొండలాగా అక్కడికక్కడ టికెట్ కొనుక్కోవచ్చని నేను అనుకున్నాను. ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేది. చేయలేదు. తప్పు పూర్తిగా నాది. గేటు దగ్గరివారు మర్యాదగానే మాట్లాడారు.

మీలో ఒకరు పదవీ విరమణ చేసిన తెలుగు పండితురాలు. మోకాళ్ల నొప్పి ఉన్నా వచ్చారు. “ఇంత దూరం వచ్చాం కదా నాయనా, కాసేపు ఇక్కడినుంచే చూస్తాను” అని కొండవైపు చూస్తూ ఎండలో నిలబడ్డారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదనిపించింది.

సందర్శన కోసం తీసుకున్న సొమ్ము పన్నెండు మందికి తిరిగి ఇచ్చాను. మిగిలిన ఇద్దరు ఫోనులో దొరకడం లేదు. దయచేసి ఆఫీసుకు వచ్చి తీసుకోండి.

ఆ తర్వాత నేను, నా భార్య ముందుగా బుక్ చేసుకుని వెళ్లి చూసి వచ్చాం. చూడకుండా మళ్లీ మీకు ఏదీ చెప్పకూడదనుకున్నాను. గేటు నుంచి కొండపైకి గుర్రపు బండిలో తీసుకెళ్లారు. పాతబస్తీ ఇళ్లన్నీ కిందికి దిగిపోతూ ఉంటే పైన ఆ తెల్లని భవనం కనిపిస్తుంది. పై నుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందట. ‘పైగా’ అనే హైదరాబాద్ నవాబుల కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో తన కోసం పునాది వేయించారు. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. 1911లో ఆయన కన్నుమూసింది కూడా అక్కడే. అంత ఇష్టంగా కట్టించుకున్న మనిషి దాన్ని వదులుకున్నాడన్న సంగతి విన్నాక ఆ పాలరాతి మెట్లు ఎక్కుతుంటే నాకు మనసు బరువెక్కింది.

భోజనశాల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకే బల్ల, 101 మంది కూర్చునే బల్ల. మన పెళ్లిళ్లలో ఒక బంతికి పట్టేంత మంది ఒకే బల్ల చుట్టూ! గ్రంథాలయం పైకప్పుకు చెక్కిన చెక్క పనితనం ఉంది. నా భార్య అక్కడి నుంచి కదలలేదు. చాలా ఏళ్లు మూసి ఉన్న ఈ భవనాన్ని దాదాపు పదేళ్లు బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు. ఆ శ్రద్ధ ప్రతి గోడలోనూ తెలుస్తుంది. చీకటి పడే వేళ పైనుంచి ఊరంతా దీపాలు వెలుగుతుంటే, ఫలక్ అంటే ఆకాశమని ఎవరూ చెప్పనక్కరలేదనిపించింది.

అయినా దీన్ని మామూలు యాత్రలోంచి తీసేస్తున్నాను. రుసుము సామాన్యమైనది కాదు, నడక, నిలబడటం ఎక్కువ. అందరి దగ్గరా ఆ డబ్బు వసూలు చేసి, సగం మందిని కుర్చీల్లో కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. దాని బదులు చార్మినార్ దగ్గర చౌమహల్లా ప్యాలెస్ ఉంటుంది. కొండ ఎక్కనక్కరలేదు, టికెట్ అక్కడే ఇస్తారు, దర్బారు హాలులోని పెద్ద షాండ్లియర్లు చూడదగినవి. శుక్రవారం సెలవు కాబట్టి మన వ్యాను గురువారం రాత్రి కాకుండా శుక్రవారం రాత్రి బయలుదేరుతుంది.

ఫలక్‌నుమా తప్పక చూడాలనుకునేవారు పేరు ఇవ్వండి. ఆరుగురు అయితే వేరే బండి పెడతాను. బుకింగ్ ఖాయమైన కాగితం మీ చేతికి ఇచ్చాకే డబ్బు తీసుకుంటాను. పండితురాలమ్మ గారిని నా ఖర్చుతో తీసుకెళతానని అడిగాను. మోకాళ్లకు వైద్యం అయ్యాక చెబుతానన్నారు. డ్రైవరు పక్క సీటు ఆమెదే.