గస్తీకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళకు బీచ్ రోడ్డులో ఒక గోడ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమాన మ్యూజియం గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని ప్రారంభించారు. ఎదురుగా కురుసుర జలాంతర్గామి, ఇటు నాలుగు ఇంజన్ల పెద్ద గస్తీ విమానం. సెలవు రోజైతే పిల్లలతో కిటకిటలాడిపోతాయి రెండూ. ఆ విమానం మన నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసింది. ఒక్క ప్రమాదం కూడా లేకుండా 30 వేల గంటలు ఎగిరింది. దాన్ని నడిపినవాళ్ళకూ, రాత్రింబవళ్ళు దాని బాగోగులు చూసినవాళ్ళకూ ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

నేను అడిగేది దానికి అవతలి వైపు సంగతి. ఇదే బంగాళాఖాతం మీద, హిందూ మహాసముద్రం మీద గస్తీకి వెళ్ళి తిరిగిరాని విమానాలున్నాయి. వాటిలో ఎక్కువ రెండు ఇంజన్లవే. వాటిలో వెళ్ళినవాళ్ళ కోసం ఆ మ్యూజియంలో ఒక గోడ కేటాయించండి. కోరిక ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ చోటు కావాలి.

అదే రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ బాంబు ఒకటి ఉంది. పేలకుండా మిగిలిన బాంబు. వచ్చినవాళ్ళందరూ దాని దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయని పెద్దవాళ్ళు పిల్లలకు చెబుతారు. అక్కడితో కథ అయిపోతుంది. అంతకు రెండు రోజుల ముందు, మనకు చాలా దక్షిణాన, సముద్రం మీద ఒక విమానం ఏం చూసిందో, దానికి ఏమైందో ఎక్కడా రాసి ఉండదు.

ఆ విమానం పేరు కాటలీనా. అమెరికాలో తయారైంది. రెండు ఇంజన్లు. కింద చక్రాలకు బదులు పడవ అడుగులాంటి పొట్ట, కాబట్టి నీళ్ళ మీదే దిగుతుంది, నీళ్ళ మీంచే లేస్తుంది. తోక వైపు పక్కల రెండు పెద్ద గాజు బుడగలు. అందులో కూర్చున్నవాళ్ళు గంటల తరబడి కళ్ళు చికిలించి సముద్రాన్ని చూస్తూ ఉండాలి. గంటకు 200 కిలోమీటర్ల చొప్పున నిదానంగా పోతుంది, కానీ దిగకుండా 20 గంటలకు పైగా ఎగరగలదు. ఉపగ్రహాలు లేని కాలంలో సముద్రంలో శత్రువు ఎక్కడున్నాడో తెలియాలంటే ఇలా వెళ్ళి కళ్ళతో చూసి రావడమే దారి.

1942 ఏప్రిల్ 4. కెనడా వైమానిక దళం 413 స్క్వాడ్రన్‌కు చెందిన కాటలీనా తెల్లవారకముందే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) దక్షిణ తీరంలోని కొగ్గల సరస్సు మీంచి లేచింది. నడుపుతున్నది స్క్వాడ్రన్ లీడర్ లెనార్డ్ బర్చాల్. మొత్తం తొమ్మిది మంది. ఆ స్థావరానికి వాళ్ళు వచ్చి రెండు రోజులే అయింది. పగలంతా వెతికారు, ఏమీ కనబడలేదు. ఇక తిరుగుముఖం పట్టే సమయానికి నావిగేటర్ చంద్రుణ్ణి ఆధారం చేసుకుని తామెక్కడున్నారో లెక్క కట్టాడు. అనుకున్న చోటు కంటే బాగా దక్షిణానికి వచ్చేశారు. అప్పుడే దూరంగా దిగంతం మీద చుక్కల్లాంటివి కనబడ్డాయి.

అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి ఉంటే బతికి బయటపడేవాళ్ళేమో. కానీ అవి ఎవరి ఓడలో, ఎన్ని ఉన్నాయో తెలియకుండా కబురు పంపితే దానికి విలువ ఉండదు. దగ్గరికి వెళ్ళారు. అవి పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన జపాన్ విమానవాహక నౌకలు, అయిదు. వాటి మీంచి జీరో అనే యుద్ధ విమానాలు లేచాయి. జీరో వేగం గంటకు 500 కిలోమీటర్ల పైమాటే. దాక్కోవడానికి ఒక్క మబ్బు లేదు. లోపల రేడియో ఆపరేటర్ మోర్స్ మీట నొక్కుతూనే ఉన్నాడు. నియమం ప్రకారం ఒకే సందేశాన్ని మూడుసార్లు పంపాలి. మూడోసారి సగంలో ఉండగా గుండు తగిలి రేడియో ముక్కలైంది, ఆ కుర్రాడికి తీవ్ర గాయాలయ్యాయి. ఇంధనం అంటుకుంది. బర్చాల్ ఎలాగో విమానాన్ని నీళ్ళ మీదికి దింపాడు. ఒకరు విమానంతో పాటే మునిగిపోయారు. మిగతావాళ్ళు నీళ్ళలో ఈదుతుంటే పైనుంచి కాల్పులు ఆగలేదు. తూటాలు వచ్చినప్పుడల్లా నీళ్ళలోకి మునిగి తప్పించుకున్నారు. గాయపడ్డ ఇద్దరికి లైఫ్ జాకెట్లు తొడిగారు. ఆ జాకెట్లు వాళ్ళను మునగనివ్వలేదు. ఆ ఇద్దరూ చనిపోయారు.

మిగిలిన ఆరుగురిని జపాన్ డిస్ట్రాయర్ యుద్ధనౌక ఒకటి పట్టుకుంది. సందేశం పంపారా లేదా అని కొట్టారు. పంపలేదని బర్చాల్ బుకాయించాడు. ఇంతలో మళ్ళీ ఒకసారి చెప్పమంటూ కొలంబో అడగడం జపాన్ వాళ్ళ రేడియోలో వినబడింది. మళ్ళీ దెబ్బలు. యుద్ధం ముగిసేదాకా బందీలుగానే ఉన్నారు. వాళ్ళు బతికే ఉన్నారన్న సంగతి అన్నాళ్ళూ ఇళ్ళలో ఎవరికీ తెలియదు.

ఆ సగం తెగిన కబురు చాలు. కొలంబో రేవులోని చాలా ఓడలు రాత్రికి రాత్రే బయటికి వెళ్ళిపోయాయి. మర్నాడు ఈస్టర్ ఆదివారం పొద్దున బాంబర్లు వచ్చేసరికి, జపాన్ వాళ్ళు అనుకున్నంత నిండుగా రేవు లేదు. అలాగని నష్టం తప్పిపోలేదు. అదే రోజు సముద్రంలో కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు మునిగి 400 మందికి పైగా చనిపోయారు. 9వ తేదీన ట్రింకోమలీ వంతు. ఆ పొద్దున జపాన్ నౌకల జాడ కనిపెట్టింది 413 స్క్వాడ్రన్‌దే మరో కాటలీనా. దాన్నీ కూల్చేశారు. ఈసారి ఒక్కరు కూడా మిగల్లేదు.

ఈ రెండు దాడుల మధ్యలోనే మన మీద బాంబులు పడ్డాయి. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో జపాన్‌ది ఇంకో దండు బంగాళాఖాతంలోకి వచ్చి, కొద్ది రోజుల్లోనే 20కి పైగా సరుకు ఓడలను ముంచేసింది. అప్పటికి విశాఖ ఓడరేవు తెరిచి తొమ్మిదేళ్ళు కూడా కాలేదు. షిప్‌యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. ఉన్న కాసిని కాటలీనాలూ సిలోన్ చుట్టూ తిరగడానికే సరిపోయాయి. మన తీరానికి దిక్కు పాతకాలపు ఒంటి ఇంజన్ వాపిటీలతో గస్తీ తిరిగిన భారత వైమానిక దళ వాలంటీర్ రిజర్వే. బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. మా ఇంట్లో అమ్మమ్మ దాన్ని ‘జపానోళ్ళ గొడవ’ అనేది. ఎడ్లబండి మీద ఊరు వదిలిన సంగతి చెప్పేటప్పుడు వంటింట్లో దించకుండా వదిలేసిన పప్పు గిన్నెను ఎప్పుడూ మర్చిపోయేది కాదు.

తెల్లదొరల కొలువు చేసినవాళ్ళకు మన మ్యూజియంలో చోటేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా అన్నందుకు మనవాళ్ళను వేలమందిని జైళ్ళలో కుక్కింది ఆ ప్రభుత్వమే. ఆ సామ్రాజ్యానికి దండాలు పెట్టమని నేను అనడం లేదు. మూడోసారి మీట నొక్కుతూ గుండు దెబ్బ తిన్న కుర్రాడు నాకు సామ్రాజ్యంలా కనబడడు. మన మీదికి వచ్చిన యుద్ధాన్ని ముందుగా చూసినవాళ్ళు వాళ్ళు. సమాధులు దక్కని కామన్‌వెల్త్ వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. అక్కడే ఆచూకీ లేని భారతీయ సైనికుల పేర్లూ ఉన్నాయి. మన ఒడ్డున బాంబును అద్దాల వెనక పెట్టుకున్నాం, మనుషుల పేర్లు పెట్టుకోలేదు.

శత్రువు తూటాలే అక్కర్లేదు, సముద్రమే చాలాసార్లు ఆ పని చేసింది. రాత్రిపూట గాలి లేక నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు ఎత్తెంతో కంటికి అందదు, దిగేటప్పుడు ముక్కు నేరుగా నీళ్ళలోకి పోతుంది. ఇరవై గంటలు మేలుకున్నవాళ్ళు చేసే పని ఇది. యుద్ధకాలంలో గస్తీ విమానాలు పోగొట్టుకున్న మనుషుల్లో ఎంతోమంది ఇలా పోయినవాళ్ళే.

ఇది 1945తో ఆగిన కథ కాదు, మంత్రి గారూ. ఇప్పుడు మన తీరాన్ని కాపలా కాసే డోర్నియర్ కూడా రెండు ఇంజన్ల విమానమే. విశాఖ డేగా స్థావరం నుంచి రోజూ మన తలల మీదుగా ఎగురుతూ ఉంటుంది. 2015 మార్చి 24 రాత్రి గోవా దగ్గర నౌకాదళ డోర్నియర్ ఒకటి సముద్రంలో కూలింది. ఒక అధికారిని జాలర్లు కాపాడారు, ఇద్దరు చనిపోయారు. వాళ్ళలో లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్ ఒకరు. మన నౌకాదళంలో విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన మొదటి మహిళా అధికారి ఆమె. బడి చదువు విశాఖ కేంద్రీయ విద్యాలయంలో, డిగ్రీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. అంటే మన అమ్మాయే. బీచ్ రోడ్డులో ఆమె పేరు ఎక్కడైనా కనబడిందా అని ఆ యూనివర్సిటీ పిల్లల్నే అడిగి చూడండి.

ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 8 రాత్రి, చెన్నై నుంచి గస్తీకి వెళ్ళిన కోస్ట్‌గార్డ్ డోర్నియర్ ముగ్గురితో సహా మాయమైంది. నెల రోజుల వెతుకులాట. సింధుధ్వజ్ జలాంతర్గామి నీళ్ళ అడుగు నుంచి వచ్చే సంకేతాలు విన్నాకే దారి దొరికింది. రిలయన్స్ ఇచ్చిన ఒలింపిక్ కాన్యన్ నౌక కిలోమీటరు లోతున శకలాలను కనిపెట్టింది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ 29 మందితో మాయమైన ఏఎన్-32 రవాణా విమానమే, గస్తీది కాదు. అయినా అందులో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. 3,400 మీటర్ల లోతున దాని శకలాల ఫోటోలు 2024 జనవరిలో బయటికి వచ్చేదాకా ఆ ఇళ్ళలో ఏడున్నరేళ్ళు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. ఆ ఎనిమిది పేర్లూ ఆ గోడ మీద ఉండాలని నా గట్టి కోరిక. అందుకు నియమం సడలించాల్సి వస్తే సడలించండి.

చేయాల్సింది పెద్ద ఖర్చున్న పని కాదు. ప్రవేశ ప్రదర్శనశాలలో సోనోబోయ్‌లు (నీళ్ళలోకి జారవిడిచి జలాంతర్గాముల చప్పుడు వినే పరికరాలు), బ్లాక్‌బాక్స్ పెట్టిన వరుసలోనే ఒక గోడ ఖాళీ చేయిస్తే చాలు. పేర్లు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. ఎవరు, ఏ విమానంలో, ఏ రోజున, ఎక్కడ అన్నది క్లుప్తంగా. కాటలీనాల వివరాలు కెనడా, బ్రిటన్ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి, రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తరం రాస్తే వస్తాయి. మనవాళ్ళ విషయంలో నౌకాదళ తూర్పు కమాండ్, కోస్ట్‌గార్డ్ సాయం చేస్తాయి. కుటుంబాలు ఒప్పుకుంటేనే ఫోటోలు పెట్టాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖలో, కాకినాడలో చనిపోయిన మామూలు జనం పేర్లు జిల్లా రికార్డుల్లో వెతికించి అదే గోడ మీద చేర్చండి. ఆ రోజును చూసిన మనిషి ఎవరైనా మిగిలుంటే వయసు తొంభైకి అటూఇటూగా ఉంటుంది. వాళ్ళ మాటలు రికార్డు చేయడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగాన్ని ఈ నెలలోనే పంపండి, ఈ ఒక్క పని మాత్రం ఆగకూడదు.

వచ్చే ఏప్రిల్ 6 నాటికి గోడ సిద్ధమయ్యేలా ఉత్తర్వు ఇప్పించగలరు. సేకరణలో జీతం లేకుండా పనిచేయడానికి నేనూ, నాలాంటి మరికొందరూ సిద్ధంగా ఉన్నాం. ఎవరిని కలవాలో మీ కార్యాలయం నుంచి ఒక్క మాట చెప్పిస్తే చాలు.

ఇట్లు,
విశాఖపట్నం వాసి ఒకరు