ఇప్పుడే టైల్స్ పగలగొట్టనివ్వకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మీ మహబూబ్‌నగర్ ఇంట్లోనే ఉంది. ఇంత ఖర్చు పెట్టి బాత్రూం కొత్తగా చేయించాక షవర్‌లో నీళ్లు సన్నగా కారుతుంటే ఎవరికైనా టెన్షనే. అందులోనూ మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పితో బకెట్ దగ్గర వంగలేకపోతున్నదనే కదా నువ్వు పట్టుబట్టి షవర్ పెట్టించావు. ప్లంబర్ గోడలో పైపు జామైంది, టైల్స్ తీయాలి అన్నాడన్నావు. ఇప్పుడే ఒప్పుకోకు. గోడ బయట చూడాల్సినవన్నీ చూశాకే గోడ జోలికి పోవాలి. ఫోన్లో చెబితే గుర్తుండవని అన్నీ వరుసగా రాస్తున్నాను.

మొదట్లో ధార బాగానే వచ్చిందని, తర్వాత తర్వాత తగ్గిందని చెప్పావు చూడు, నాకు అన్నిటికంటే ఆ మాటే ముఖ్యం. ట్యాంకు ఎత్తు చాలకపోయినా, పైపు సైజు చిన్నదైనా మొదటి రోజే సన్నగా వచ్చేది. బాగా వచ్చి తగ్గిందంటే ఏదో కొట్టుకొచ్చి అడ్డం పడి ఉంటుంది. పాత లైను కోసి కొత్తది అతికేటప్పుడు రంపపు పొట్టు, సొల్యూషన్ గడ్డలు, టెఫ్లాన్ టేపు ముక్కలు, ఇసుక లోపల పడతాయి. షవర్ బిగించే ముందే నీళ్లు జోరుగా వదిలి లైను కడగాలి. పని ముగించే తొందరలో చాలామంది ఆ పని వదిలేస్తారు. నేను పంపు ఆపరేటర్‌గా ఉన్నన్నాళ్లూ కొత్త లైను వేస్తే మొదటి నీళ్లు కాలువలోకే పోనిచ్చేవాళ్లం.

ముందు షవర్ తల విప్పు. గుడ్డ చుట్టి తిప్పితే చేతికే వస్తుంది, గట్టిగా ఉంటే పానా పట్టమని అల్లుడికి చెప్పు. తల లేకుండా నీళ్లు వదిలి చూడండి. ఒట్టి పైపు నుంచి ధార బాగా వస్తే పైపులో తప్పేం లేదు, తలలోనే ఉంది. వాషర్ దగ్గర చిన్న జాలి ఉంటుంది, తీసి కడుగు. రంధ్రాల్లో తెల్లగా పేరుకుంటే గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దు. మనది రాతి నేల, బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మీ బకెట్ అంచుకు తెల్లగా పట్టేది కూడా అదే. మిషన్ భగీరథ నీళ్లు వంటకు, తాగడానికి వాడినా స్నానానికి బోరే వాడుతున్నారు కాబట్టి ఈ కడగడం మధ్యమధ్యలో తప్పదు.

తల తీసినా ధార సన్నగానే ఉంటే, డైవర్టర్ మీదే ఉన్న కింది నల్లా తిప్పి చూడు. డైవర్టర్ అంటే నీళ్లను షవర్‌కో కింది నల్లాకో మళ్లించే, గోడలో బిగించిన వాల్వ్. కింద జోరుగా వచ్చి పైన రాకపోతే చెత్త డైవర్టర్‌లోనే ఇరుక్కుంది. రెండూ సన్నగా ఉండి, వాష్‌బేసిన్‌లో మాత్రం బాగా వస్తే డైవర్టర్‌కు నీళ్లొచ్చే వైపు అడ్డం ఉందని. ఈ రెండింటికీ టైల్ పగలగొట్టే అవసరం రాదు. ట్యాంకు దగ్గర వాల్వ్ కట్టేసి, హ్యాండిల్, దాని వెనక స్టీలు ప్లేటు విప్పితే లోపల నీళ్లను తెరిచి మూసే ముక్క, కార్ట్రిడ్జ్ అంటారు, బయటికి వస్తుంది. దాన్ని తీసి, ప్లేటు దగ్గర బకెట్ పట్టి, వాల్వ్ ఒక్కసారి తెరిస్తే లోపలున్నదంతా నీళ్లతో పాటు బయట పడుతుంది. ఇది మాత్రం ప్లంబర్ చేతే చేయించు, నువ్వు పక్కనే నిలబడు. ఏం బయటికొచ్చిందో నీ కళ్లతో చూడాలి.

వేడినీళ్లు మరీ తక్కువ వస్తున్నాయన్నావు. ముందు గీజర్ కరెంటు తీసేయి, ఊరికే స్విచ్ ఆపడం కాదు, కరెంటు బోర్డులో దాని ఎంసీబీ కిందికి దించు. గీజర్ కింద నీలం గుర్తున్న చోట చల్లనీళ్లు లోపలికి పోవాలి, ఎర్ర గుర్తు నుంచి వేడినీళ్లు రావాలి. పైపులు తారుమారు చేస్తే కాసేపటికే నీళ్లు చల్లబడిపోతాయి. ఆ రెండూ సరిగ్గా ఉంటే గీజర్‌కు నీళ్లిచ్చే యాంగిల్ కాక్ (గోడ మీది చిన్న వాల్వ్) పూర్తిగా తెరిచారేమో చూడు, సగం తెరిచి వదిలేయడం మామూలే. తర్వాత అదే కాక్ కట్టేసి, షవర్ హ్యాండిల్ పూర్తిగా వేడి వైపు తిప్పు. నీళ్లు ఆగిపోవాలి. ఆగకుండా వస్తుంటే డైవర్టర్‌లోంచి చల్లనీళ్లు వేడి లైనులోకి పోతున్నాయని అర్థం, అప్పుడు కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే. గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీలకు మించి పెట్టకు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. అత్తమ్మ చప్పున పక్కకు జరగలేదు కదా.

ఇవన్నీ చేశాక కూడా వానలా పడాల్సిన మీ షవర్ ధార నిండుగా రాకపోవచ్చు. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి దాదాపు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. మీ ట్యాంకు అడుగుకూ షవర్‌కూ మధ్య సుమారు 2 మీటర్లే, అంటే 0.2 బార్. షవర్ పెట్టె మీద కనీసం ఎంత ఒత్తిడి కావాలో రాసి ఉంటుంది, అది చూసి చెప్పు. అంతకంటే తక్కువైతే చిన్న తల వేసుకోవడం మేలు. పంపు పెట్టించుకోమని ఎవరన్నా అంటే వెంటనే తల ఊపకు. గోడలోని కొత్త అతుకులు ఆ ఒత్తిడికి ఆగుతాయో లేదో టెస్ట్ చేయించకుండా పెట్టకూడదు.

గోడకు అవతలి వైపు చెమ్మ ఉంటే మాత్రం ఆలస్యం చేయకు. రాత్రి నల్లాలన్నీ కట్టేసి ట్యాంకులో నీళ్ల మట్టం దగ్గర గీత పెట్టు, పొద్దున చూడు. ఎవరూ నీళ్లు వాడకుండానే మట్టం దిగితే లీకు ఎక్కడో ఉన్నట్టే, అప్పుడు టైల్ తీయక తప్పదు. తీసినా ఒక్క చోటే తీయాలి. టైల్స్ వేయకముందు అల్లుడు ఫోన్లో తీసిన ఫోటోలు ఉంటే పైపు ఎక్కడ పోయిందో తెలుస్తుంది, అవి వెతికి పెట్టమను.

డైవర్టర్ పెట్టె, బిల్లు పారేయకుండా ఉంచు. వాటి ఫోటో నాకు పంపితే ఆ కంపెనీ కార్ట్రిడ్జ్ నల్గొండలో దొరుకుతుందేమో కనుక్కుంటాను. దొరికితే ఆదివారం పొద్దున బస్సుకు నేనే తెస్తాను. అప్పటిదాకా ప్లంబర్‌కు మిగతా డబ్బులు ఇవ్వకు, గొడవ కూడా పడకు. నేనొచ్చి మాట్లాడతాను.

మీ నాయిన