తాబేళ్ళ కాపలా, మీ చెరువు కమిటీ

విశాఖపట్నం,
మార్చి, ఆదివారం పొద్దున్న

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. సాకులేం చెప్పను, బద్ధకం. మీ కాలనీ చెరువుకి మున్సిపాలిటీవాళ్ళు కమిటీ వేస్తున్నారనీ, నిన్ను సెక్రటరీగా ఉండమంటున్నారనీ రాశావు. "గవర్నమెంటూ జనమూ కలిసి పనిచెయ్యడం కాగితాల మీద తప్ప ఎక్కడైనా ఉందా?" అని ఎద్దేవా కూడా చేశావు. మొన్న నేను కళ్ళారా చూసిందొకటి చెప్తాను, విను.

మా పక్కింటి మాస్టారు నాలుగింటికే తలుపు కొట్టి, జోడుగుళ్ళపాలెం బీచికి లాక్కెళ్ళారు. ఇది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. అక్కడ ఫారెస్టువాళ్ళు వాచర్‌గా పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు, ఆ పాలెం మనిషే. నేను ఫోన్ లైటు వెయ్యబోతే "ఆర్పీ బావు, తాబేలు బెదిరిపోద్ది" అన్నాడు. ఆ చీకట్లో ఏం కనిపించిందో మరి, టక్కున ఆగాడు. ఇసకలో ట్రాక్టరు తిరిగినట్టు ఒక జాడ. చేతిలో కర్రతో నాలుగైదు చోట్ల మెల్లిగా పొడిచాడు. ఒకచోట కర్ర మెత్తగా దిగింది. అంతే, బోర్లా పడుకుని మోచెయ్యి దాటా చెయ్యి పెట్టి ఒక్కొక్క గుడ్డూ తీశాడు. పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయిరా, కానీ మెత్తన. నేనొకటి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే చేతిలోంచి లాక్కున్నాడు. "పైది పైకే ఉండాల. తిరగేస్తే లోపల పిల్ల సచ్చిపోద్ది." నూట పద్నాలుగు లెక్కపెట్టాడు. అన్నిటినీ హేచరీలో, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే వల కట్టిన చోట, అంతే లోతు గొయ్యి తీసి పాతి, తారీఖు రాసిన చీటీ గుచ్చాడు. 45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. ఇసక వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ పుడతాయట, తమాషా!

టీ తాగుతూ ఆయనే చెప్పాడు, చిన్నప్పుడు ఈ గుడ్లు ఉడకేసుకుని తినేవాళ్ళట. కర్ర దిగే తీరు అప్పుడు నేర్చుకున్నదే. ఆ విద్య ఏ డిగ్రీలోనూ లేదు కాబట్టి ఫారెస్టువాళ్ళకి ఆయన కావాలి. మరి ఆయనకి వాళ్ళెందుకు? వల, కంచె, జీతం, 1972 వన్యప్రాణి చట్టం ఇచ్చే అధికారం. ఇవి లేకపోతే గుడ్లు కుక్కల పాలే. ఇక్కడ పొత్తు కుదిరిందంటే, ఒకళ్ళ దగ్గర లేనిది ఇంకొకళ్ళ దగ్గర ఉండబట్టే.

ఇందులో డబ్బు సంగతి దాచిపెడితే అబద్ధమవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకి చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే రోజులు, వదిలెయ్యాల్సిందే. కానీ ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలి కదా? అందుకని ప్రభుత్వం జాలర్లకి ఇచ్చే భృతి ఒకప్పుడు 4 వేలు, 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలైంది. ఇంకా చాలదనే వాళ్ళున్నారు, నిజమే కావచ్చు. అయినా నష్టంలో ప్రభుత్వం కొంత తలకెత్తుకుంది కాబట్టి ఆగమంటే ఆగే మనిషి ఆగుతున్నాడు.

మరపడవలు సముద్రంలో ఈడ్చుకెళ్ళే ట్రాలు వలల దగ్గర మాత్రం లెక్క ఇలా కుదరలేదు. తాబేలు పైకొచ్చి గాలి పీల్చాలి, వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది. దానికి దారి వదిలే పరికరం ఉంది, టెడ్ అంటారు. అది వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం మానేసింది. వలలో కన్నం పెడితే చేపలూ పోతాయని పడవవాళ్ళ బెంగ. ఆ పోయే చేపల లెక్క ముందే మాట్లాడుకోవాల్సింది.

నా సొంత భాగోతం కూడా విను. పోయినేడు మా అపార్టుమెంటు వాళ్ళం ఒక కంపెనీతో కలిసి బీచి శుభ్రం చేశాం. చెత్తకంటే బ్యానరు పెద్దది. ఫొటోలయ్యాయి, ఉప్మా అయ్యింది. సంచులు తీసుకెళ్తామన్న లారీ మూడు రోజులు రాలేదు. కుక్కలు చింపేస్తే అదే చెత్త మళ్ళీ ఇసకలో! పొద్దున్నే అక్కడ వలలు ఆరేసుకునే వాళ్ళని మేమెవరం ఒక్క మాటైనా అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అడవుల్లో ఇది పాత కథే. ఊళ్ళవాళ్ళతో కలిసి అడవులు కాపాడమని 1990లో కేంద్రం సర్క్యులర్, మన దగ్గర 1992 నుంచి ఆ పనికి వన సంరక్షణ సమితులు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని రిజిస్టర్లలో మిగిలాయి. ఈసారి వస్తే ఇక్కడి కంబాలకొండ అడవికి తీసుకెళ్తాను, నడుస్తూ మాట్లాడుకోవచ్చు.

అన్నట్టు, మీ చెరువు గట్టు మీద గాలం వేసుకునే ఒకాయన గురించి రాసేవాడివి, వాన రాకముందే నీళ్ళ వాసన పట్టేస్తాడని. ఆయన్ని కమిటీలో వేశారా? వెయ్యకపోతే నువ్వు సెక్రటరీ అయ్యేముందు అదొక్కటీ అడుగు. ఏం చెప్పారో రాయి.

ఏప్రిల్లో తాబేలు పిల్లల్ని సముద్రంలో వదులుతారు. ఒదినని, పిల్లల్ని తీసుకుని రా. నాలుగింటికి లేపుతాను, తిట్టుకోకు. టార్చీ తేకు.

నీ
రాంబాబు