ముందు స్టిల్టులు ఖాళీ చేయించండి, రోడ్డు మీద గీతలు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

ఇంటి ముందు బండి పెట్టుకునే జాగా కోసం ఇరుగుపొరుగువాళ్లు తిట్టుకుని పోలీస్ స్టేషన్ దాకా పోవడం మన హైదరాబాద్‌లో మామూలైపోయింది. విద్యానగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, ఎస్సార్‌నగర్, మధురానగర్, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, ఎక్కడికి పోయినా ఇదే గోస. కార్లు పెరిగాయి, రోడ్లు పెరగలేదు అని అందరూ అంటారు. ఆ మాట నిజమే గాని, రోడ్డు మీదికి వచ్చిన బండ్లలో చాలావాటికి లోపల జాగా ఉండాలి. ప్లానులో ఉంది కూడా. అది ఎటు పోయిందో లెక్క కట్టి చూపడానికే ఈ ఉత్తరం.

200 గజాల ప్లాటు తీసుకోండి. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 60. గేటుకు 12 అడుగులు పోతే ఇంటి ముందు మిగిలేది 18 అడుగులు. రోడ్డు వారగా ఒక కారు పెట్టి తీయడానికి సరిగ్గా అంతే కావాలి. అంటే ఇంటికి ఒక్క కారు. ఆ ప్లాటులో ఒక్క కుటుంబమే ఉన్న రోజుల్లో అది చాలింది. ఇప్పుడు అక్కడే స్టిల్టు, అంటే పిల్లర్ల మధ్య పార్కింగ్ కోసం వదిలే కింది అంతస్తు, దాని మీద నాలుగైదు అంతస్తులు, అంతస్తుకు ఒకటో రెండో పోర్షన్లు. హాస్టల్ అయితే బైకులకే లెక్క ఉండదు. నాలుగు నుంచి పది కుటుంబాలకు ఆ 18 అడుగుల ముక్కే దిక్కు అయినప్పుడు కొట్లాట రాకుండా ఎట్లా ఉంటుంది?

రోడ్డు లెక్క కూడా చూడండి. కాగితం మీద 30 అడుగులు. రెండు వైపులా ర్యాంపులు, మెట్లు, మొక్కలకు కట్టిన గట్లు మూడేసి అడుగులు మింగితే మిగిలేది 24. వ్యాగన్‌ఆర్ వెడల్పు 1.62 మీటర్లు, క్రెటా 1.79, ఫార్చునర్ 1.85. వెనకటి మారుతి 800 అయితే 1.44 మాత్రమే. అద్దాలు, తలుపు తీసే సందు కలిపితే ఇవాళ ఒక్కో వరసకు 7 అడుగులు పడుతుంది. రెండు వైపులా బండ్లు నిలిపితే నడుమ 10 అడుగులు. నీళ్ల ట్యాంకర్‌గానీ ఫైరింజన్‌గానీ 8 అడుగులకు పైనే ఉంటుంది. నేరుగా ఉన్న గల్లీలో ఎట్లాగో దూరుతుంది. మూల మీద ఒక్క కారు ఉన్నా తిరగలేదు, వెనక్కి పోలేదు. ఎండాకాలం ట్యాంకర్ డ్రైవర్ హారన్ కొడుతూ ఆ కారు ఎవరిదో అని ఇల్లిల్లూ అడగడం చూస్తూనే ఉన్నాం. అంబులెన్స్ వచ్చినప్పుడూ అంతే.

ఇక స్టిల్టుల సంగతి. అనుమతి తీసుకునేటప్పుడు కింద మొత్తం పార్కింగే అని ప్లానులో చూపిస్తారు. బిల్డింగ్‌లో చేరవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా అది ఖాళీగానే ఉంటుంది. ఆ తర్వాత మొదట వాచ్‌మన్ గది పెద్దదవుతుంది, పక్కన సామాన్ల గది వస్తుంది, చివరికి రోడ్డు వైపు షట్టర్ లేచి అందులో కిరాణా కొట్టో, జిరాక్స్ షాపో, టిఫిన్ సెంటరో వెలుస్తుంది. ఒక్క షట్టర్ లేచిందంటే రెండు కార్లు రోడ్డెక్కినట్టే. ఆ కొట్టుకు వచ్చే గిరాకీల బండ్లు అదనం. ఓనరుకు నెలనెలా కిరాయి వస్తుంది, దాని బరువు మోసేది గల్లీ. గేటు ముందు బండి పెట్టినవాడి మీద అరిచే మనం స్టిల్టులో షట్టర్ పెట్టినవాడిని ఒక్క మాట అనం. ఆయన మనకు తెలిసినాయన కదా!

200 గజాల ప్లాటులో చుట్టూ వదిలే జాగా, మెట్లు, లిఫ్టు, సంపు పోగా స్టిల్టులో నాలుగు కార్లు పడతాయి. పిల్లర్లు సరిగ్గా కుదిరితే ఐదు. కాకపోతే ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, అక్కడే పేచీ మొదలవుతుంది. లోపలి కారు తీయాలంటే బయటి కారు కదలాలి కాబట్టి, ఆ తలనొప్పి ఎందుకని మనుషులు రోడ్డు మీదే పెట్టి పోతారు. దీనికి మందు ఉంది. ఎవరు ఎన్ని గంటలకు బయల్దేరుతారో లిఫ్టు దగ్గర రాసి పెట్టాలి. పొద్దున్నే పోయేవాళ్లు గేటు వైపు, సెలవు రోజే కారు తీసేవాళ్లు లోపల. అడ్డంగా పెట్టక తప్పని కారును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టాలి. అప్పుడు ఎవరైనా తోయగలరు. నేల వాలుగా ఉంటే మాత్రం ఈ పని చేయకూడదు. ఆటోమేటిక్ కార్లతోనూ ఇది కుదరదు. ‘పి’లో పెడితే తోస్తే కదలవు, కొన్నింటికి పార్కింగ్ బ్రేక్ బటన్‌తోనే పడుతుంది. అలాంటి కార్లకు ఎప్పుడూ లోపలి గడే ఇవ్వాలి.

ఒకదాని మీద ఒకటి నిలిపే లిఫ్టులు పెట్టించుకోండని సలహాలు ఇస్తుంటారు. రెండు కార్లు, మధ్య ఇనుప పలక కలిపితే కనీసం 11 అడుగుల ఎత్తు కావాలి. మన స్టిల్టుల ఎత్తు మామూలుగా 8, 9 అడుగులే. కొత్తగా కట్టేవాళ్లు ఆలోచించాల్సిన మాట అది, కట్టేసినవాళ్లకు పనికిరాదు.

సెల్లార్లు ఉన్న పెద్ద అపార్టుమెంట్లలో వానాకాలం కథ వేరు. 2020 అక్టోబరులో సెల్లార్లలో కార్లు మునిగిన తర్వాత, మబ్బు పట్టగానే జనం కార్లు తీసుకొచ్చి రోడ్డు మీద పెడుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ర్యాంపు పైకొసన రోడ్డు కంటే ఆరంగుళాలు ఎత్తుగా అడ్డం కట్టి, దాని లోపలి వైపు జాలీ మూతతో మోరీ తీస్తే వాననీళ్లు చాలావరకు కిందికి దిగవు. సెల్లార్ మూల గుంతలో మునిగే పంపు ఉండాలి. దాని కరెంటు కనెక్షన్ సెల్లార్‌లో కాకుండా పై అంతస్తులో ఉండాలి, జనరేటర్‌తో కూడా నడవాలి. పెద్ద వాన పడగానే కరెంటు పోతే పంపు ఆగి సెల్లార్ మునుగుతుంది. జనం సెల్లార్ వదిలి రోడ్డు మీద పెట్టడానికి మరో కారణం ర్యాంపు వాలు. ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు కంటే నిటారుగా కడితే చిన్న కార్ల అడుగు గీసుకుంటుంది. ఒకసారి గీసుకున్నవాళ్లు మళ్లీ కిందికి దిగరు.

ఫ్లాటు కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. స్టిల్టు పార్కింగ్ ఉమ్మడి జాగా అనీ, దాన్ని బిల్డర్ ఫ్లాటు మాదిరిగా విడిగా అమ్ముకోవడానికి వీల్లేదనీ మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే 2016 రెరా చట్టం ప్రకారం పైకప్పు లేని పార్కింగ్ కూడా ఉమ్మడిదే.

ఇప్పుడు గేటు ముందున్న రోడ్డు ఎవరిదన్న మాటకు వద్దాం. ఆస్తి పన్ను కట్టినంత మాత్రాన అది మనది కాదు. మన గేటుకు అడ్డంగా బండి పెట్టకుండా ఆపమనే హక్కు ఉంది, గేటు పక్కన గోడ వెంట ఉన్న జాగా మాత్రం అందరిదీ. దాన్ని పట్టుకోవడానికి విరిగిన కుర్చీలు, సిమెంటు నింపి పైపు నాటిన పెయింట్ డబ్బాలు, పూల కుండీలు, గొలుసులు పెడుతున్నారు. అవన్నీ ఆక్రమణ కిందికే వస్తాయి. దారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ‘ఇచ్చట వాహనము నిలిపిన గాలి తీయబడును’ అని బోర్డు రాయించి నిజంగానే గాలి తీసేవాళ్లు, తప్పు తమ మీదికి వస్తుందని గ్రహించాలి. అడ్డంగా ఉన్న బండిని ఫొటో తీసి, నంబరుతో ట్రాఫిక్ పోలీసులకు పంపడమే సరైన దారి. మోటారు వాహనాల చట్టం 127 సెక్షన్ ప్రకారం నిషేధం ఉన్నచోట నిలిపిన బండినీ, 10 గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండినీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు. ఆ ఖర్చు ఓనరే భరించాలి.

వదిలేసిన బండిని తీయించే ఈ రెండో వీలే కాలనీలకు అక్కరకొస్తుంది. చక్రాల్లో గాలి పోయి, దుమ్ము పేరుకుని, కిందికి ఆకులు చేరిన కారు లేని గల్లీ అరుదు. వీటిని పట్టడానికి తేలికైన పద్ధతి చెబుతాం. ఆదివారం రాత్రి 11 తర్వాత గల్లీ మొత్తం నడిచి బండ్ల నంబర్లు రాసుకోండి. అప్పుడు ఉన్నవే ఆ గల్లీ అసలు బండ్లు, పగలు లెక్కపెడితే బయటివాళ్లవి కలిసిపోతాయి. అనుమానం ఉన్న బండి టైరు మీదా, దాని కింద రోడ్డు మీదా ఒకే వరసలో సుద్దముక్కతో గీత గీయండి. వాన లేని రోజులు చూసుకోండి. మూడు రాత్రులు ఆ రెండు గీతలూ కలిసే ఉంటే ఆ బండి కదలనట్టే. తేదీ కనిపించే ఫొటోలతో, సంఘం లెటర్‌హెడ్ మీద, నంబర్లన్నీ ఒకే కాగితంలో ఇవ్వండి. విడివిడిగా ఇచ్చిన ఫిర్యాదులు పక్కింటివాళ్ల తగాదాలుగా కనిపిస్తాయి, పట్టించుకోరు.

రోడ్డు మీద గీసే పార్కింగ్ గీతల విషయంలో ఒక జాగ్రత్త. కాలనీవాళ్లు సొంతంగా పెయింట్ వేస్తే దానికి చట్టంలో విలువ లేదు. పార్కింగ్ స్థలాలు నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117 సెక్షన్ కింద ప్రభుత్వానిది, స్థానిక సంస్థను సంప్రదించి చేయాలి. కాబట్టి ట్రాఫిక్ పోలీసులు, జీహెచ్‌ఎంసీ ఇంజినీర్లు కలిసి వచ్చి కొలవాలి. 30 అడుగుల రోడ్డులో ఒక వైపే పార్కింగ్ సాధ్యం. అదీ కరెంటు స్తంభాలున్న వైపు. స్తంభం గోడ నుంచి ఎట్లాగూ రెండడుగులు ముందుకు ఉంటుంది, ఆ పట్టీలో బండి నడవదు. అక్కడే కార్లు నిలిపితే బండ్లు పోయే దారి అంతగా తగ్గదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు అటూ ఇటూ పదేసి అడుగులు వదలాలి, నిచ్చెన వేయడానికి జాగా ఉండాలి. మ్యాన్‌హోల్ మూత మీద గడి గీయకూడదు, పూడిక తీసే మిషన్ వస్తే నిలబడాల్సింది అక్కడే. మూలల దగ్గర 20 అడుగులు ఖాళీ. సరి, బేసి తేదీలకు వైపు మార్చే పద్ధతి నివాస కాలనీల్లో నిలవదు. అర్ధరాత్రి లేచి కారు అటు నుంచి ఇటు మార్చేదెవరు?

గడి కొలత 18 అడుగులు పొడవు, 7 అడుగులు వెడల్పు. గీతలు లేకపోతే ఒక్కొక్కరూ ముందూ వెనకా నాలుగైదు అడుగులు వదిలి పెడతారు, 100 అడుగుల్లో నాలుగు కార్లకే జాగా అయిపోతుంది. గీతలుంటే ఐదు. బైకులతో ఇంకా ఎక్కువ నష్టం. కార్ల నడుమ తలా ఒకచోట పెట్టిన మూడు బైకులు రెండు కార్ల జాగా పాడు చేస్తాయి. బైకు పొడవు 2 మీటర్లు, వెడల్పు 75 సెంటీమీటర్లు. గోడకు ఎదురుగా నిలువునా పేరిస్తే ఒక్క కారు గడిలో ఆరు పడతాయి. అందుకే ప్రతి 100 అడుగులకు ఒక గడి బైకులకే వదిలేయాలి.

బోరబండలాంటి చోట్ల ఇవేవీ పనిచేయవని మాకూ తెలుసు. అక్కడి ప్లాట్లు చిన్నవి. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలని భవన అనుమతుల మీద రాష్ట్రం తెచ్చిన 2020 చట్టం చెబుతోంది. అలాంటి ఇళ్లలో స్టిల్టు ఎక్కడ వస్తుంది? ఆ బస్తీల దగ్గర ఉన్న ప్రభుత్వ ఖాళీ స్థలాలను రాత్రిపూట ఉమ్మడి పార్కింగ్‌కు ఇవ్వడం ఒక్కటే దారి. మాల్ పక్క గల్లీల బాధ మాత్రం కొంత తేలిక. 2018లో వచ్చిన జీవో 63 ప్రకారం మాల్‌లో మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం, ఏదైనా బిల్లు చూపిస్తే గంట దాకా ఉచితం. ఆ సంగతి గల్లీ మొదట్లో బోర్డు మీద రాయిస్తే కొన్ని బండ్లయినా లోపలికి పోతాయి.

పార్కింగ్ ఉందని చూపిస్తేనే కారు అమ్మాలన్న వాదన కూడా వినిపిస్తోంది. జపాన్‌లో 1962 నుంచి అలాంటి చట్టం ఉంది. మన దగ్గర ఇప్పుడే పెడితే దొంగ కాగితాలు పుడతాయి. రెండో బండికి జీవితకాల పన్ను 2 శాతం ఎక్కువ అంటేనే ఇంట్లో మరొకరి పేరు మీద కొనడం చూస్తున్నాం. స్టిల్టులో షట్టర్ ఉన్న బిల్డింగ్ కూడా పార్కింగ్ ఉందనే సర్టిఫికెట్ ఇస్తుంది, ప్లానులో ఉంది కదా.

అందుకని మేం అడిగేది ఒకటే. జీహెచ్‌ఎంసీ ప్రతి వార్డులో నాలుగు గల్లీలు తీసుకుని, పాసైన ప్లాను చేత పట్టుకుని, స్టిల్టుల్లోకి వచ్చి చూడాలి. ఎన్ని కార్ల జాగా చూపారు, ఇవాళ ఎన్ని పడుతున్నాయి అని రెండు అంకెలు రాసుకుంటే చాలు. ఆ తర్వాతే రోడ్డు మీద పెయింట్. మీ పత్రిక జిల్లా పేజీలో నోటీసులు ఎన్ని ఇచ్చారో, షట్టర్లు ఎన్ని తీయించారో వార్డుల వారీగా ప్రతి నెలా అచ్చు వేయాలని కోరుతున్నాం.

— కాలనీ సంఘాల్లో పనిచేసే కొందరు నివాసులు,
విద్యానగర్, హైదరాబాద్