ఖార్తూమ్ నుంచి ఇల్లు చేర్చినవాళ్లకి

సూడాన్ యుద్ధంలోంచి బయటపడి ఇంటికొచ్చి రెండు వారాలైంది. ఫోన్లు చేసినవాళ్లకీ మెసేజ్‌లు పెట్టినవాళ్లకీ సరిగ్గా జవాబివ్వలేదు, ఏమీ అనుకోకండి. తలుపు గట్టిగా పడితే ఇప్పటికీ గోడవారకి జరిగి కూర్చుంటున్నాను.

"అసలు ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారు?" అని అందరూ అడుగుతున్నారు కాబట్టి ముందు అది చెప్తా. ఒకవైపు జనరల్ బుర్హాన్ సైన్యం, ఇంకోవైపు హెమెద్తీ అని పిలిచే మొహమ్మద్ హమ్దాన్ దగలో నడిపే ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళం. 2021లో ఇద్దరూ కలిసే ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆర్ఎస్ఎఫ్‌ని సైన్యంలో కలపడానికి రెండేళ్లు చాలని బుర్హాన్ వైపు, పదేళ్లు కావాలని హెమెద్తీ వైపు. ఆ పంచాయితీ తెగక 2023 ఏప్రిల్ 15 పొద్దున్నే జనం మీద పడ్డారు.

కరెంటు లేదు, నీళ్లు లేవు. మా కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, మా పాస్‌పోర్టులేమో వాళ్ల బీరువాలో. (దాని గురించి తర్వాత రాస్తా, ఇది థాంక్స్ చెప్పే పోస్టు.)

మొదటి థాంక్స్ బహ్రీలో, అంటే ఉత్తర ఖార్తూమ్‌లో, మా పక్కింటి పెద్దావిడకి. పెద్దావిళ్లని గౌరవంగా పిలిచినట్టు అందరూ హాజ్జా అంటారు, మేమూ అదే. దారినపోయేవాళ్ల కోసం గుమ్మం దగ్గర పెట్టే మట్టికుండని వాళ్లు జీర్ అంటారు, అందులో నీళ్లు, తను ఉపవాసంలో ఉండి కూడా, రోజూ సాయంత్రం మా అయిదుగురికీ ఒక బకెట్ తీసి ఉంచేది. ఆవిడ పెద్దకొడుకు సైన్యంలో, చెల్లెలి కొడుకు ఆర్ఎస్ఎఫ్‌లో. ఫోన్ మోగితే ఎవరి కబురోనని తను ఎత్తేది కాదు, మనవరాలి చేతికిచ్చి మొహం అటు తిప్పుకునేది.

తర్వాత బస్సు డ్రైవరన్నకి. 72 గంటల కాల్పుల విరమణ అన్నారని బయల్దేరాం. ఊళ్లో ఆర్ఎస్ఎఫ్ కుర్రాళ్లు, ఊరు దాటాక సైన్యం, ఎవరు ఆపినా అదే నవ్వు, అదే "సలామ్ అలైకుమ్ యా షబాబ్" (కుర్రాళ్లూ, సలామ్). ఎవరి పక్షమని ఒకడు అడిగితే డీజిల్ ఖాళీ డబ్బా ఎత్తి చూపించాడు. పోర్ట్ సూడాన్ చేరేదాకా కన్ను మూయలేదు.

పాస్‌పోర్టు లేకపోయినా కాగితాలు రాసిచ్చిన ఎంబసీ సిబ్బందికి, జెడ్డా దాకా ఓడలో తెచ్చిన నేవీవాళ్లకి చేతులెత్తి దండం. సూడాన్ నుంచి మనవాళ్లని తేవడానికి మన ప్రభుత్వం చేసిన ఆపరేషన్ కావేరిలో 3,862 మందిని తెచ్చారు, అందులో మేం అయిదుగురం.

హాజ్జా నంబరు కలవడం లేదు. బహ్రీలో మనవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి, ఆ సందు ఎక్కడో చెప్తాను.